ముందు ఏడవనివ్వాలి, ఆ తర్వాతే పాడించాలి

గవర్నర్‌పేట, విజయవాడ

ప్రియమైన సత్యానికి,

నీ ఉత్తరం అందింది. మీ బడిలో రెండు వర్గాల పిల్లలనూ ఒకచోట కూర్చోబెట్టి బృందగానం నేర్పించాలనుకుంటున్నావనీ, అయితే పాటలతో పగలు చల్లారతాయా అన్న అనుమానం నీకే పీకుతోందనీ రాశావు. ఈ విషయం గురించి నేను చాలాకాలంగా చదువుతున్నాను కనుక కాస్త విస్తరించే రాస్తాను, ఓపికగా చదువు.

పాట దానంతట అదే పగను చల్లారుస్తుందంటే నేను నమ్మను. పోయినవాళ్ల కోసం ముందు ఏడవనిచ్చి, ఆ ఏడుపును ఎదుటి పక్షం కూర్చుని వినేలా చేయగలిగిన పాట మాత్రం రాజీకి దారి తీస్తుందని గట్టిగా నమ్ముతాను.

కొలంబియా దేశంలో అత్రాతో నది ఒడ్డున బొహాయా అనే ఊరుంది. అక్కడివారిలో ఎక్కువమంది పేదలైన నల్లజాతివారు. 2002 మే 2న ప్రభుత్వం మీద తిరగబడ్డ ఫార్క్ అనే వామపక్ష గెరిల్లాలకూ, వారిని ఎదిరించే పారామిలిటరీలనే ప్రైవేటు సాయుధ దళాలకూ మధ్య కాల్పులు జరుగుతుండగా జనం చర్చిలో తలదాచుకున్నారు. గెరిల్లాలు ప్రయోగించిన గ్యాస్ సిలిండర్ బాంబు ఆ చర్చి పైకప్పును చీల్చుకుని లోపల పడింది. దాదాపు 80 మంది చనిపోయారు, వారిలో సగానికి మించి పిల్లలే. ఆ ప్రాంతంలో మనిషి పోతే ఆడవాళ్లు రాత్రంతా కూర్చుని అలబావో అనే పాటలు పాడతారు. వాద్యమేదీ ఉండదు, ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు. మన ఊళ్లలో చావింటి ముందు ఆడవాళ్లు పోయినవారిని తలుచుకుంటూ రాగాలు తీసి ఏడ్చినట్టే అనుకో. కాని ఆనాడు శవాలను హడావిడిగా పూడ్చిపెట్టి ప్రాణాలు దక్కించుకోవడానికి పారిపోవలసి వచ్చినందువల్ల, చచ్చిపోయిన తమ బిడ్డలకు ఆ పాటలు కూడా సరిగా పాడుకోలేకపోయారు.

తర్వాతి కాలంలో ఆ ఆడవాళ్లు పాత బాణీల్లోనే తమ ఊరి కథను కట్టి పాడడం మొదలుపెట్టారు. 2015 డిసెంబరులో ఫార్క్ ప్రతినిధులు ఆ ఊరికే వచ్చి క్షమాపణ కోరారు. 2016 సెప్టెంబరు 26న కార్తహేనా నగరంలో శాంతి ఒప్పందం మీద సంతకాలు జరిగినప్పుడు, దేశాధ్యక్షుడూ గెరిల్లా నాయకుడూ ఎదురుగా కూర్చుని ఉండగా, తెల్లబట్టలు కట్టుకున్న ఆ బొహాయా ఆడవాళ్లే నిలబడి పాడారు. వారం తిరగకుండానే జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దేశం ఆ ఒప్పందాన్ని స్వల్ప తేడాతో తిరస్కరించింది. అంత నష్టపోయిన బొహాయాలో మాత్రం నూటికి 95 మందికి పైగా దానికే ఓటు వేశారు. అదంతా పాట మహిమ అని నేననను. అయితే తమ గోడును పదిమందిలో, అందులోనూ కారకుల ముఖాన, గొంతెత్తి చెప్పుకోగలిగిన మనుషులు మాత్రమే అంత పెద్ద మనసు చేసుకోగలరని నాకనిపిస్తుంది.

రువాండా సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం ఏకపక్షమవుతుంది. 1994లో మూడు నెలల్లో దాదాపు ఎనిమిది లక్షల మందిని చంపిన ఆ దేశంలో, రేడియో పాటలు కూడా ద్వేషాన్ని ఎగదోశాయి. సిమోన్ బికిండి అనే పేరున్న గాయకుడికి రువాండా మారణకాండ విచారణకు ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2008లో 15 ఏళ్ల శిక్ష వేసింది. ఆ శిక్ష పాటలకు కాదు, దారి పొడవునా మైకులో చంపమని పిలుపునిచ్చినందుకు. అదే దేశంలో, తరతరాలుగా ఆడవాళ్లు ముట్టకూడదన్న డప్పులను 2004లో ఇంగోమా న్షా అనే మహిళా బృందం చేతపట్టింది. అందులో చంపబడ్డవారి ఇళ్ల ఆడవాళ్లూ, చంపినవారి ఇళ్ల ఆడవాళ్లూ పక్కపక్కనే నిలబడి వాయించారు. కనుక పాటకు మంచిచెడ్డలు పుట్టుకతో రావు, ఎవరు ఎవరి పక్కన నిలబడి పాడుతున్నారన్నదాని మీద ఆధారపడతాయి.

నీ బృందగానానికి పనికొచ్చే ఉదాహరణ ఇంకొకటుంది. 1999లో జర్మనీలోని వైమార్‌లో యూదు సంగీత నిర్దేశకుడు డేనియల్ బారెన్‌బోయిమ్, పాలస్తీనా మూలాలున్న రచయిత ఎడ్వర్డ్ సయీద్ కలిసి ఇజ్రాయెల్, అరబ్ దేశాల యువ వాద్యకారులతో ఒక ఆర్కెస్ట్రా ప్రారంభించారు. అందులో ఒక ఇజ్రాయెల్ కుర్రవాడూ ఒక సిరియా కుర్రవాడూ చెల్లో వాయిస్తూ ఒకే స్వరపత్రం చూడవలసి వచ్చింది. ఇద్దరూ ఒకే స్వరాన్ని, ఒకే మోతాదులో, ఒకే కమాను విసురుతో పలికించాలి. అలా ఒక్క స్వరం కుదిరాక ఇంతకు ముందులా ఒకరినొకరు చూసుకోలేరని బారెన్‌బోయిమ్ చెబుతాడు. అదే మనిషి, ఇది శాంతి తెచ్చే పథకం కాదనీ, అజ్ఞానానికి వ్యతిరేకంగా చేస్తున్న పని మాత్రమేననీ కూడా స్పష్టంగా అన్నాడు. ఆ మాట వల్లే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. పైవాళ్ల దయ మీద నిలిచే పాట ఎంతకాలం ఉంటుందో శ్రీలంక చూపించింది. అక్కడ 2016 స్వాతంత్ర్య దినోత్సవంలో జాతీయగీతాన్ని తమిళంలో కూడా పాడించారు, 2020లో ఆపేశారు.

ఇక మన సంగతికొస్తే, కారెంపూడి వీరుల తిరునాళ్లు నీకు దగ్గరే. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు రోజులు పల్నాటి దాయాదుల యుద్ధాన్ని తలుచుకుంటారు. పసుపు కుంకుమలు పూసిన ఆయుధాలు ఊరేగుతుండగా వీరవిద్యావంతులు కథ పాడతారు. రాయబారిగా వెళ్లి విషానికి బలైన అలరాజు ఘట్టం వింటూ ముసలివాళ్లు నిజంగానే కన్నీళ్లు పెట్టుకుంటారు. మందపోరు నాడు కులాలన్నీ చాపకూడుకు ఒకే వరసలో కూర్చుంటాయి. ఎనిమిది వందల ఏళ్ల నాటి చావులకు ఇంకా ఏడ్చే చోటు మనకుంది. నిన్నమొన్న మీ ఊళ్లో పోయినవారికి మాత్రం ఆ చోటు లేదు. వారి పేర్లు ఒక వర్గం బ్యానర్ల మీదే కనిపిస్తాయి, ఎదుటి వీధిలో ఎవరూ పలకరు.

అందుకే నీకు నా సలహా ఇది. దేశభక్తి గీతంతో మొదలుపెట్టి, పిల్లల చేత చేతులు పట్టించి, ఫొటో తీయించి సరిపెట్టవద్దు. ముందు రెండు వీధుల్లోనూ కొడుకులనో భర్తలనో పోగొట్టుకున్న ఆడవాళ్ల దగ్గరకు వెళ్లి, వాళ్లు పాడుకునే పాటలేమిటో అడుగు. ఒప్పుకుంటే వాటినే పిల్లలకు నేర్పించు. ఈ వీధి పాట ఆ వీధి పిల్లలు, ఆ వీధి పాట ఈ వీధి పిల్లలు నేర్చుకోవాలి. ఎవరైనా ఒప్పుకోకపోతే బలవంతం చేయకు. వీరత్వాన్ని పొగిడే పాటలు మాత్రం ఇప్పుడే వద్దు, అవి మళ్లీ రక్తాన్ని వేడెక్కిస్తాయి. మొదటి ఏడాది వేదికా మైకూ లేకుండా, బడి వరండాలోనే సాధన జరగనివ్వు.

సంక్రాంతి సెలవులకు గుంటూరు మీదుగా మీ ఊరు వస్తాను. మా ఇంట్లో ఉన్న హార్మోనియానికి శ్రుతి సరిచేయించి వెంట తెస్తాను. ఆ తల్లులు ఏమన్నారో అంతలోపే రాయి.

నీ
మూర్తి