కలకత్తా కప్పు కోహినూర్ కాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

బ్రిటన్ నుంచి మనం తిరిగి తెచ్చుకోవాల్సిన వాటిలో కోహినూర్, అమరావతి శిల్పాలతో పాటు రగ్బీలో ఇచ్చే ‘కలకత్తా కప్పు’ను కూడా చేరుస్తూ ఈ మధ్య మీ పత్రికలో ఒక లేఖ వచ్చింది. ఆ ఆవేదన అర్థం చేసుకోదగ్గదే. కానీ కప్పును ఆ జాబితాలో పెడితే బలహీనపడేది మన వాదనే.

ఐరోపాలోని ఆరు దేశాల జట్లు ఆడే సిక్స్ నేషన్స్ రగ్బీ టోర్నీలో ఏటా ఇంగ్లండ్, స్కాట్లాండ్ తలపడేది ఈ కప్పు కోసం. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో జట్టుకు 20 మంది చొప్పున ఒక మ్యాచ్ ఆడారు. ఒకవైపు ఇంగ్లండ్ వాళ్ళు, మరోవైపు స్కాట్లాండ్, ఐర్లాండ్, వేల్స్ వాళ్ళు. ఆ ఊపులోనే 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ పుట్టింది. పేరు ఫుట్‌బాలే గానీ ఆడింది రగ్బీ. బార్‌లో మందు ఉచితంగా పోసినన్నాళ్ళూ సభ్యులకు కొదవ లేదు. అది ఆపేశాక జనం పలచబడ్డారు. ఆ ఉక్కపోతలో రగ్బీ కన్నా పోలో, టెన్నిస్ మేలనిపించింది. క్లబ్ మూసేటప్పుడు బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసి, కరిగించి, కప్పు చేయించి 1878లో ఇంగ్లండ్‌లోని రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌కు ఇచ్చారు. క్లబ్ వ్యవహారాలు చూసిన జి.ఎ. జేమ్స్ రోత్నీ దీన్ని నడిపించారు.

కరిగించినవి 270 నాణేలు. అప్పటి రూపాయి బరువు సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు (ఇప్పుడు కొట్లో చెప్పే పది గ్రాముల తులం కాదు). అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. ఆ లెక్కన మొత్తం 3.15 కిలోలు, అసలు వెండి 2.89 కిలోలు. ఇది నాణేల లెక్క మాత్రమే. పోతలో, నగిషీలో పోయే తరుగు వేరు. కప్పు ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లు. మూడు పిడులూ మూడు త్రాచుపాములు. మూత మీద అంబారీతో ఏనుగు. ఈ పనితనం మాత్రం అచ్చంగా మన వాళ్ళదే, దాని గురించి ఎంత గర్వపడినా తప్పులేదు.

‘ఆ వెండి మనదే కదా’ అన్నది ఆ లేఖలోని ప్రశ్న. తెల్లదొరల జీతాలూ లాభాలూ ఈ దేశం నుంచి పిండినవే, నిజం. కానీ అది మొత్తం వలస పాలన మీద పెట్టాల్సిన లెక్క. ఒక క్లబ్ తన ఖాతాలో మిగిలిన డబ్బును తన ఇష్టంతో ఇచ్చిన కానుక మీద కాదు. కోహినూర్ సంగతి వేరు. 1849లో పంజాబ్ సిక్కు రాజ్యానికి రాజైన పదేళ్ళ దులీప్ సింగ్ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించి తీసుకున్నారు. అమరావతి స్తూపం శిల్పాలను 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు తరలిస్తే, అక్కడి నుంచి 1859లో లండన్ చేరాయి. ఆ ఊరి వాళ్ళను అడిగినవారు లేరు. ఈ మూడింటినీ ఒకే గాటన కడితే, అవతలివాళ్ళు కప్పు ఒక్కదాన్ని చూపించి మిగతా రెండింటినీ కొట్టిపారేస్తారు.

అడగాలంటే కొన్నాళ్ళు కోల్‌కతాలో ప్రదర్శనకు అరువు అడగవచ్చు. అయితే కప్పు ఇప్పుడు తేలిగ్గా దెబ్బతినే స్థితిలో ఉంది. 1988లో మ్యాచ్ అయ్యాక రెండు జట్ల ఆటగాళ్ళు తాగి దాన్ని ఎడింబరో వీధుల్లోకి తీసుకెళ్ళి సొట్టలు పెట్టారు, బాగు చేయించాల్సి వచ్చింది. ఇప్పుడు రెండు దేశాల సంఘాల దగ్గరా పూర్తి పరిమాణంలో నకళ్ళు ఉన్నాయి. కాబట్టి నకలు అడగడమే ఆచరణలో అయ్యే పని. పక్కన 270 రూపాయల కథను రాసి పెడితే చాలు.

మీ క్రీడా విభాగానికి ఒక మనవి. మ్యాచ్ డ్రా అయితే కప్పు పోదు, అంతకుముందు గెలిచినవారి దగ్గరే ఉంటుంది. 2019లో 31-0 వెనకబడిన స్కాట్లాండ్ 38-38తో ముగించి కప్పు నిలబెట్టుకున్నది అలాగే. పీఠం మీది పలకల్లో 1871 నుంచి ఫలితాలున్నా, కప్పు కోసం తొలి మ్యాచ్ జరిగింది 1879లో, ఎడింబరోలోని రేబర్న్ ప్లేస్‌లో. అదీ డ్రానే. హైదరాబాద్ హీరోస్ పేరిట 2025 రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో మనకూ ఒక జట్టు దిగింది కాబట్టి, ఇలాంటి వివరాలు చదివే పాఠకులు ఇక్కడ ఉన్నారు.

– ఒక పాఠకుడు, గుంటూరు