పసుపు చున్నీ అక్కకు

రాత్రి పదకొండున్నర దాటింది. పొద్దున నాలుగింటికి తెరిచిన కళ్లు మండుతున్నాయి. అయినా ఇది రాయకుండా పడుకుంటే నిద్ర పట్టేటట్టు లేదు. రాసిందే మళ్లీ రాస్తే సర్దుకోండి.

ఈ రోజు కడపలో నా మొదటి ఇంటర్వ్యూ. సిమెంటు, ఇనుము టోకున అమ్మే వాళ్ల ఆఫీసులో అకౌంట్స్ అసిస్టెంట్ పని. ఖాళీలు రెండు, వచ్చినోళ్లం ముప్పై మందికి తక్కువ లేము. సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి నన్ను తీసుకున్నామని, సోమవారం రమ్మని చెప్పినారు. ఉద్యోగం సంగతి అంతే. ఇక ఆ అక్క సంగతి.

పేరు తెలియదు. పసుపు రంగు చున్నీ వేసుకుంది. బద్వేలు నుంచి వచ్చినా అని ఫోన్‌లో ఎవరితోనో అంటుంటే విన్నా. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి నంబర్లు రాసిన చీటీలు ఇచ్చినారు. ఆమెది 14, నాది 15.

రెండు వారాలుగా నేను చేసిందంతా ఇంగ్లీషులో నన్ను నేను పరిచయం చేసుకోవడమే. 'మైసెల్ఫ్ ఫలానా' అనకూడదు, 'ఐ యామ్' అనాలని యూట్యూబ్‌లో చూసి, మిద్దె మీద నడుస్తూ ఫోన్‌లో రికార్డు చేసుకుని వినేదాన్ని. నా గొంతు నాకే రోత పుట్టింది. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1 తర్వాతి నెల 11వ తేదీలోపల, 3బీ 20వ తేదీలోపల, అన్నీ నోటికొచ్చు. ఆ కుర్చీలో కూర్చున్నాక మా ఊరి పిన్‌కోడ్ కూడా గుర్తుకు రాలేదు.

అక్క లోపలికి పోయి పావుగంటకు బయటికొచ్చింది. మొహం వాడిపోయింది. మెట్ల దాకా పోయి నిలబడింది. మళ్లీ వెనక్కి వచ్చి నా కుర్చీ పక్కన గొంతుకు కూర్చుంది.

"మ్మే, గమ్మునుండి విను. సిమెంటు జీఎస్టీ అడుగుతాండారు. 2025 సెప్టెంబరు 22న 28 శాతం కాస్తా 18 అయింది గదా, అది అందరూ చెప్తారు. వాళ్లు ఆడ ఆపరు. పాత రేటున అమ్మిన బస్తాలు ఇప్పుడు వాపసు వస్తే క్రెడిట్ నోట్, అదే బిల్లులో తగ్గించి ఇచ్చే కాగితం, ఎంత శాతం జీఎస్టీతో రాస్తావంటారు. నేను 18 అంటి. తప్పంట. ఏ బిల్లు మీద రాస్తామో ఆ బిల్లులో ఉండే రేటే పెట్టాలంట, 28. నువ్వు తప్పు చెప్పొద్దు."

నాకు నోట మాట రాలేదు. ఆమె నా చున్నీ చూసింది, అప్పటికే నాలుగుసార్లు జారిపోయింది. తన భుజం దగ్గరి పిన్నీసు తీసి నాకు పెట్టింది. తర్వాత ఫైలు తెరిచి, అన్నీ జిరాక్సులే ఉన్నాయే, ఒరిజినల్స్ ఏవి అని అడిగింది.

ఇక్కడ నా కడుపులో ఉన్నది కక్కేయాలి. డిగ్రీ అయిపోయి ఏడాదిన్నర. ఫీజు రీయింబర్స్‌మెంట్ బాకీ రాలేదని మా కాలేజీ వాళ్లు మార్కుల మెమోలు, టీసీ పట్టుకుని కూర్చున్నారు. మొత్తం మీరే కట్టండి, సర్కారు ఇచ్చినప్పుడు వెనక్కిస్తాం అంటారు. కట్టే దుడ్లు ఉంటే రీయింబర్స్‌మెంట్ ఎందుకు? ఒరిజినల్స్ కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలను చూసే యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అది ఫోన్‌లో తీసి చూపిస్తే, "ఢిల్లీలో కూచోని వాళ్లు ఎన్నైనా చెప్తారు, ఈడ జీతాలు ఇయ్యాల్సింది మేము" అన్నాడు క్లర్కు సారు. ఆయన మాటా అబద్ధం కాదు, కానీ మధ్యలో నలిగేది మేమే. 'ఈమె సర్టిఫికెట్లు మా దగ్గరున్నాయి' అని రాసిచ్చే కస్టోడియన్ సర్టిఫికెట్ కోసం కూడా మూడు రోజులు తిరిగినా. ఒకరోజు ప్రిన్సిపాల్ లేడు, ఒకరోజు సీలు ఉన్న బీరువా తాళం లేదు. మూడో రోజు రెండూ ఉన్నాయి, కరెంటు లేక ప్రింటు రాలేదు. సాయంత్రం దాకా కూర్చుని తెచ్చుకున్నా.

అక్క నవ్వింది. "నావీ అంతే. ఆ కస్టోడియన్ కాగితం అన్నిటికన్నా పైన పెట్టు. వాళ్లు అడగకముందే నువ్వే చెప్పు. నేను అడిగినంక చెప్తే దాచిపెట్టినట్టు చూసినారు." తానే కాగితాల వరుస మార్చి ఫైలు నా చేతికిచ్చింది.

ఉండబట్టలేక అడిగినా: "ఉండేవి రెండే గదక్కా, నాకెందుకు చెప్తున్నావు?"

"నాదెట్లాగూ పాయె. ఇద్దరిదీ పోతే ఏమొస్తుంది?" అని లేచి పోయింది. థ్యాంక్స్ అనే మాట కూడా నా నోట్లోంచి రాలేదు. అప్పటికే నంబరు పిలిచినారు.

లోపల ముగ్గురు. 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అడగనే లేదు! రెండు వారాల బట్టీ మట్టిపాలు. ఏ ఊరమ్మా అన్నారు, మైదుకూరు దగ్గర అని చెప్పినా. ఈసారి పసుపు పంట ఎట్లుంది అని మాట కలిపి, నేను నిమ్మళంగా అయ్యానో లేదో అదే క్రెడిట్ నోటు ప్రశ్న వేసినారు. 28 అన్నా. ఎట్లా తెలుసు అన్నారు. ఏదో సెక్షన్ పేరు చెప్పి గొప్ప పోవచ్చు. "ఇప్పుడే బయట ఒక అక్క చెప్పింది సార్" అని నోరు జారింది.

ఒకాయన పకపకా నవ్వినాడు. మేడమ్ నవ్వలేదు. ఎవరు అని అడిగింది. పసుపు చున్నీ అన్నా. కాగితాలు తిరగేసి ఒకదాని మీద పెన్సిల్‌తో ఏదో రాసింది. నా మాట వల్ల అక్కకు మేలైందో కీడైందో ఇప్పటికీ తెలియదు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, అదే క్రెడిట్ నోటు టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించమన్నారు. ఆల్ట్, ఎఫ్6 నొక్కేటప్పుడు వేళ్లు వణికినాయి గానీ, ఎక్కింది.

బయటికొచ్చి ఆటో ఎక్కి బస్టాండుకు పరిగెత్తినా. బద్వేలు బస్సు అప్పుడే కదిలిందన్నారు. బెంచీ మీద కూర్చుని పిన్నీసు పట్టుకుని ఏడ్చినా. పక్కనుండే పెద్దామె ఇంటర్వ్యూ పోయిందేమో అనుకుని ఊరుకోబెట్టింది. సాయంత్రం ఫోన్ వచ్చినప్పుడు మొదట అక్క గురించే అడిగినా. వేరేవాళ్ల సంగతి చెప్పకూడదమ్మా అన్నారు.

అక్కా, మీరు ఇది చూస్తే, లేదా బద్వేలు వైపు ఎవరికైనా తెలిస్తే, ఒక్క మాట పెట్టండి. రెండో ఖాళీ మీకే వచ్చి ఉంటే సోమవారం వరండాలోనే కలుస్తాం. రాకుంటే నా టాలీ నోట్సు, ఇంకెక్కడ ఖాళీలున్నా ఆ వివరాలు పంపిస్తా.

అమ్మకు, నాయనకు, జేజికి, తమ్మునికి థ్యాంక్స్ అంటే నవ్వుతారు. వాళ్లకు రేపు కోడికూర.

మర్చిపోయినా. పొద్దున బస్సులో కండక్టరన్న. 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్లకు టికెట్టు లేకపోయె, బస్సులో ఊపిరాడదు. ఫైలు నలుగుతుందని తీసుకుని తన సీటు వెనక పెట్టుకుని, కడపలో దిగేటప్పుడు పిలిచి మరీ ఇచ్చినాడు. ఫోన్‌లో చదివింది అప్పజెప్పించుకున్న మా పిన్నమ్మ కూతురు కూడా.

ఇంకా మా వీధి ఇస్త్రీ అన్న. నిన్న రాత్రి తొమ్మిదింటికి పోతే బొగ్గులు ఆర్పేసినా అన్నాడు. ఇంటర్వ్యూ అంటే మళ్లీ రాజేసి చుడీదార్ చేసిచ్చినాడు. అన్నా, పది రూపాయలు బాకీ ఉన్నా, రేపు పొద్దున ఇస్తా.