సన్న గొంతు, దగ్గర మైకు

అమ్మలూ,

ఆడిషన్ సంగతి అమ్మ చెప్పింది. గొంతు మరీ సన్నం, వెనక వరసకి చేరదు అన్నారట. ఆ రాత్రి నువ్వు అన్నం ముట్టలేదని విన్నాక నాకూ నిద్ర పట్టలేదు. లేచి ఒక పాత సినిమా పెట్టుకున్నాను. పారామౌంట్ వాళ్లు 1932లో తీసిన ‘ది బిగ్ బ్రాడ్‌కాస్ట్’.

కథ పెద్దగా లేదు. కష్టాల్లో పడ్డ రేడియో స్టేషను, టైముకి రాని గాయకుడు. ఆ గాయకుడు బింగ్ క్రాస్బీ. ‘ప్లీజ్’ అనే పాట ఉంది చూడు, తోడుగా ఎడ్డీ లాంగ్ గిటారు. క్రాస్బీ గొంతు పెంచనే పెంచడు. పక్క కుర్చీలో ఉన్న మనిషికి ఏదో చెప్పుకుంటున్నట్టు పాడతాడు. మాట చివర వదిలే ఊపిరి కూడా పాటలో కలిసిపోతుంది. మూడుసార్లు వెనక్కి తిప్పుకుని విన్నాను. పాపం, ఆ లాంగ్ 1933 మార్చిలో, ముప్పై ఏళ్లకే, టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత పోయాడు.

అంతకు ముందు అమెరికాలో పాటగాడంటే హాలు దద్దరిల్లాలి. గొంతు చిన్నదైన రూడీ వాలీ చేతిలో మెగాఫోన్ పట్టుకుని పాడేవాడు. రేడియో వచ్చాక వినేవాళ్లు ఇళ్లలో ఉన్నారు. వంటింట్లో ఉన్న మనిషికి అరిచి పాడటం ఎందుకు? ఇది నచ్చని పెద్దలూ ఉన్నారు. 1932లోనే బోస్టన్ కాథలిక్ మతపెద్ద కార్డినల్ ఓకానెల్ ఈ మెత్తటి పాటని బాహాటంగానే తిట్టారు. జనం మాత్రం వింటూనే ఉన్నారు. ‘ఏమాస్ అండ్ ఆండీ’ రేడియోలో వచ్చే వేళకి థియేటర్లలో సినిమా ఆపి, ఆ ప్రోగ్రామ్ వినిపించేవాళ్లట! ఆర్థికమాంద్యంలో టికెట్టు కొనేవాళ్లే తగ్గిపోయారు. అందుకే హాలీవుడ్ ఆ రేడియో గొంతులకి ముఖాలు చూపించి జనాన్ని రప్పించాలనుకుంది.

అలా తెర మీదికి వచ్చినవాళ్లలో మిల్స్ బ్రదర్స్ ఉన్నారు. నలుగురు అన్నదమ్ములు, ఒక్క గిటారు. మిగతా వాయిద్యాలన్నీ నోటితోనే పలికిస్తారు. బాస్వెల్ సిస్టర్స్ కూడా ఉన్నారు. వాళ్లలో ‘కానీ’ అనే ఆమెకి చిన్నప్పటి నుంచి నడక లేదు, వీల్‌చెయిర్‌లోనే తిరిగేది. రేడియోలో విన్నవాళ్లకి తెలిసింది ఆమె పాటే.

1934లో వార్నర్ వాళ్లు తీసిన ‘ట్వెంటీ మిలియన్ స్వీట్‌హార్ట్స్’ కూడా చూడు. అందులో డిక్ పావెల్ పాటలు పాడే వెయిటర్. ఆడిషన్‌లో తనకి నప్పని పాట ఎత్తుకుని ఫెయిలవుతాడు. ఆ సీన్ దగ్గర నువ్వే గుర్తొచ్చావు. ఆ రోజు అంత హై పిచ్ పాట నీకు ఎవరు ఎంచి ఇచ్చారమ్మా?

ఏడో క్లాసులో ఉన్నప్పుడు, నానమ్మ జ్వరంతో పడుకుంటే తలాపి దగ్గర కూర్చుని జోల పాడావు. ఆమె వేళ్లు దుప్పటి మీద తాళం వేస్తున్నాయి. తలుపు అవతల నిలబడి విన్నాను. అక్కడ దాకా నీ పాట స్పష్టంగా వచ్చింది.

మంచి మైకు ఒకటి కొని ఉంచాను. ఆదివారం రా. మైకుకి జానెడు దూరంలో కూర్చుని ఆ జోల పాడు, నేను రికార్డు చేస్తాను. అమ్మ గోంగూర పప్పు చేస్తానంటోంది. ముందు అన్నం తిను.

మీ నాన్న