సున్నా టికెట్టుకూ లెక్కుంది, బీఏకే లేదు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, నేను నల్లగొండ జిల్లాలో ఆర్టీసీ కండక్టర్ని. మా చిన్నమ్మాయి హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్)తో ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకునే దోస్త్‌లో మొదటి ఆప్షన్ బీఏ పెడతానంటోంది. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. ఆ సంగతి బయటికి పొక్కినప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట: "బీఏ చదివి ఏం చేస్తది?" మా బావమరిదైతే, పెళ్లి కుదిరేదాకా కాలక్షేపమని నవ్వాడు. పిల్ల విన్నది. కంచం ముందు నుంచి లేచి లోపలికి పోయింది.

నాది రోజూ లెక్క అప్పజెప్పే ఉద్యోగం. డిపోలో పది రూపాయలు తక్కువొస్తే నా జేబులోంచే పోతాయి. అందుకే ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోకుండా కాగితం తీసుకుని లెక్క వేశాను.

మా పెద్దోడిది ఇంజనీరింగ్. ఎంసెట్ ర్యాంకు పది వేలు దాటింది కనుక ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏడాదికి 35,000. కాలేజీ ఫీజు లక్ష. మిగతా 65,000 మేం కట్టుకున్నాం. హాస్టల్ నెలకు 6,000. నాలుగేళ్లకు మా చేతి నుంచి పోయింది ఐదు లక్షల పైనే, అందులో సగం మా ఆర్టీసీ ఉద్యోగుల పరపతి సంఘం సీసీఎస్‌లో తీసుకున్న లోను. 2022లో పాసయ్యాడు. హైదరాబాద్‌లో 22,000 జీతానికి ఏడాది చేశాడు, మానేశాడు. ఇప్పుడు అక్కడే, కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ముగ్గురితో కలిసి రూములో ఉంటూ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష గ్రూప్-2కి కోచింగ్ తీసుకుంటున్నాడు.

సార్, గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. మొదటిది జనరల్ స్టడీస్. రెండోది చరిత్ర, రాజ్యాంగం, సమాజం. మూడోది ఆర్థిక వ్యవస్థ. నాలుగోది తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఏర్పాటు. 600లో 450 మార్కులు మా అమ్మాయి చదువుతానంటున్న సబ్జెక్టులవే! ఐదు లక్షలు పెట్టి ఇంజనీరింగ్ చదివినవాడు ఇవాళ మళ్లీ డబ్బు కట్టి అశోక్‌నగర్‌లో బీఏ చదువుతున్నాడు. అక్కడ అది చదివితే ప్రిపరేషన్, కాలేజీలో చదివితే కాలక్షేపం. మా బావమరిదికి ఇదే చెప్పాను. టీ తాగి వెళ్లిపోయాడు.

ఇక అమ్మాయి లెక్క. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఏడాది ఫీజు మా ఇంటి రెండు నెలల పాల ఖర్చుకు మించదు. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు బస్సు ఉచితం కనుక రాకపోకలకు రూపాయి లేదు. మా రూటులోనే వస్తే టికెట్టు కూడా నేనే కొడతాను, సున్నాకు.

ఇంతవరకూ బీఏదే పైచేయి అనుకోకండి. గ్రూప్-2కి 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇస్తే పరీక్ష జరిగింది 2024 డిసెంబర్‌లో. పోస్టులు 783, దరఖాస్తులు ఐదు లక్షల పైన. ఆ రెండేళ్ల రూము కిరాయి, మెస్సు బిల్లు ఏ ఖాతాలో రాయాలి? బీఏ చవకే, తర్వాత ఎదురుచూడటమే ఖరీదు. మా పక్కింటి అబ్బాయి బీఏ, ఆ మీద బీఈడీ చేసి ప్రైవేటు స్కూల్లో పన్నెండు వేలకు పాఠాలు చెబుతున్నాడు. అదీ నాకు కనబడుతూనే ఉంది.

మాకు దగ్గరలోని ఒక కాలేజీకి వెళ్లి విచారించాను. "హిస్టరీకి గెస్ట్ లెక్చరర్ రావాలె, దసరా దాకా చూడండి" అన్నారు. కొన్న టికెట్టుకు సగం దూరమే తీసుకుపోతామంటే నా బస్సులో ఎవరూ ఊరుకోరు.

నేనూ బీఏనే సార్. పదో తరగతి చాలిన ఉద్యోగంలో డిగ్రీతో చేరాను. దానివల్ల జీతంలో ఒక్క రూపాయీ కలవలేదు. 2019 సమ్మె 52 రోజులూ మా డిపోలో అర్జీలన్నీ నా చేతనే రాయించారు. దానికి ధర కట్టమంటే నాకు చేతకాదు, ఇందాకటి కాగితంలో కూడా రాయలేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ, కోర్సు, మీడియం, ఫీజు మాకు కనబడుతున్నాయి. వాటి పక్కన ఇంకో గడి పెట్టించండి: ఐదేళ్ల కిందట ఆ కాలేజీలో అదే కోర్సు చదివినవాళ్లు ఇవాళ ఎక్కడున్నారు, ఎందరు పైచదువుకు వెళ్లారు, ఎందరు సంపాదిస్తున్నారు, ఎంత. పాసైన ఏడాది చూస్తే బీఏ ఎప్పుడూ సున్నాయే కనబడుతుంది, అందుకే ఐదేళ్లంటున్నాను. ఆ సబ్జెక్టుకు రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారో లేరో కూడా రాయించండి. ఇంజనీరింగ్ కాలేజీలు ప్యాకేజీల ఫ్లెక్సీలు నా బస్సు వెనక కూడా కట్టుకుంటాయి. బీఏ తరఫున చెప్పేవాళ్లే లేరు.

నేను సున్నాకు కొట్టే ప్రతి టికెట్టుకూ లెక్కుంటుంది, ఆ డబ్బు ప్రభుత్వం మా సంస్థకు కట్టాలి కాబట్టి. అట్లాంటి రాష్ట్రంలో బీఏ చదివిన పిల్లల లెక్క రాయడం కష్టమా?

రేపు నాకు ఫస్ట్ సర్వీసు డ్యూటీ, తెల్లవారుజామున నాలుగున్నరకే డిపోలో ఉండాలి. ఎల్లుండి వీక్లీ ఆఫ్. ఆ రోజు మీసేవకు వెళ్లి ఆప్షన్లు పెడతాం. మొదటిది బీఏనే. ఏ కాలేజీ అన్నది మాత్రం, హిస్టరీ సార్ ఎక్కడున్నారో కనుక్కుని పెట్టాలి.

ఇట్లు,
ఒక ఆర్టీసీ కండక్టర్,
నల్లగొండ జిల్లా