ఎముకలు పొయ్యెక్కించే ముందు ఇది చదువు

గుంటూరు
ఆదివారం, మధ్యాహ్నం మూడు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. తిట్టుకో, కానీ తర్వాత తిట్టుకో. ఇక్కడంతా కులాసా. అమ్మ మోకాలు కాస్త నయం, మేడ మీద గది ఇంకా పూర్తి కాలేదు, చిన్నదానికి పరీక్షలు. అంతే, ఇంక కబుర్లడక్కు. నీ మూడో పేజీ అడుగున రెండు లైన్లున్నాయి చూడు, వాటి సంగతి తేల్చాలి. రాత్రి బస్సుకి మా బావ కాకినాడ వస్తున్నాడు, ఇది ఆయన చేతికే ఇస్తున్నా. ఫోన్లో చెప్పొచ్చు కానీ గ్రాములు నీ చెవిలో నిలవవు. చదివాక ఫ్రిజ్ తలుపుకి అంటించు.

నీ రెండు కుక్కల తిండి గురించి నువ్వు రాసింది ఇదీ: "సోమవారం నుంచి భీముడికీ చిట్టికీ డ్రై ఫుడ్ బంద్. పచ్చి మాంసం మొదలు. బోన్‌లెస్ తెస్తా. పచ్చి ఎముకలంటే భయం, అందుకని వాటిని ఉడకబెట్టి పైన వేస్తా."

శీనూ, సరిగ్గా తలకిందులుగా అనుకున్నావురా. మాంసం ఉడికించినా పరవాలేదు, ఎముకని మాత్రం ఉడికించకూడదు. పచ్చి ఎముకలో పట్టునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ ఉంటుంది, తేమ ఉంటుంది. పంటి కింద అది వంగుతుంది, నలుగుతుంది. ఉడికితే ఆ జిగి పోయి పెళుసెక్కుతుంది, విరిగినప్పుడు సూదుల్లా చీలుతుంది. అవి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటే ఆపరేషనే. మీ అమ్మగారు కుక్కర్లో పెడితే మెత్తబడుతుంది కదా అంటారు. నిజమే, వేళ్ళ మధ్య నలిపితే పిండైపోయేదాకా ఉడికితే గుచ్చుకోదు. కానీ నాలుగు విజిల్స్‌కి అంత ఉడకదు, పైన మెత్తగా ఉండి మధ్యలో గట్టి పుల్ల మిగులుతుంది. కూరలో మిగిలిన ఎముకలూ అంతే, పైగా వాటికి ఉల్లిపాయ, వెల్లుల్లి, మసాలా పట్టి ఉంటాయి. ఉల్లి కుక్కల రక్తంలో ఎర్రకణాలని పగలగొడుతుంది. కాబట్టి అవీ వద్దు.

ఇక బోన్‌లెస్ సంగతి. చూడటానికి శ్రేష్ఠంగా ఉంటుంది, కుక్కకి మాత్రం అసంపూర్తి తిండి. 100 గ్రాముల ఎముక లేని కోడిమాంసంలో కాల్షియం 10, 15 మిల్లీగ్రాములుంటే ఫాస్ఫరస్ 200 దాకా ఉంటుంది. కుక్కకి కావాల్సింది ఫాస్ఫరస్ కన్నా కాల్షియం ఒక పిసరు ఎక్కువ. తిండిలో కాల్షియం దొరక్కపోతే ఒళ్ళు ఊరుకోదు, సొంత ఎముకల్లోంచి లాక్కుంటుంది. పెరిగే కుక్కపిల్లలకి వారాల్లోనే కాళ్ళు వంకరపోతాయి, చిన్న దూకుడికే ఎముక విరుగుతుంది. పెద్ద కుక్కల్లో నెలల తరబడి ఏమీ తెలియదు, అదే మోసం. పచ్చి మాంసం పద్ధతిలో ఎముక ఉండేది రుచి కోసం కాదురా, కాల్షియం కోసం.

బావ చేతికి ఒక డిజిటల్ కాటా కూడా ఇస్తున్నా. చేతి ఉజ్జాయింపు వద్దు. పులిహోర రోజు నీ "గుప్పెడు" ఎంతైందో నాకూ నీకూ ఆ పూజారిగారికీ తెలుసు.

లెక్క ఇదీ. మామూలుగా 80, 10, 10 అంటారు. మాంసం 80 పాళ్ళు, తినగలిగే ఎముక 10, లోపలి అవయవాలు 10. ఆ అవయవాల్లో సగం కార్జం, మిగతా సగం కిడ్నీ, తిల్లి (ప్లీహం) లాంటివి. గుండెకాయ, కందనకాయ మాంసం కిందికే వస్తాయి, వాటిని అవయవాల్లో లెక్కేసి మోసపోకు. రోజు మొత్తం తిండి, కుక్క ఉండాల్సిన బరువులో 2 నుంచి 3 శాతం. ఉన్న బరువులో కాదు! భీముడు 34 కిలోలున్నాడన్నావు, లావెక్కాడు, 28 ఉండాలి. వాడికి 28లో 2 శాతం, అంటే 560 గ్రాములు. చిట్టి 16 కిలోలు, ఊరకుక్క ఒళ్ళు, రోజంతా గోడలు దూకేది, దానికి రెండున్నర శాతం, 400 గ్రాములు.

భీముడికి 560లో ఎముక 56 గ్రాములు రావాలి. కోడి లెగ్ పీస్, తొడతో సహా, తూకంలో నాలుగో వంతుకి కాస్త పైనే ఎముక. కాబట్టి 200 గ్రాముల లెగ్ ఒకటి, ఎముక లేని మాంసం 300, కార్జం 30, కిడ్నీయో తిల్లియో 30. చిట్టికి లెగ్ 150, మాంసం 210, కార్జం 20, రెండోది 20. అందరూ మెడలే తెమ్మంటారు, చవక కాబట్టి. అక్కడో తిరకాసుంది. తోలుతో ఉన్న మెడలో ఎముక మూడో వంతు దాటి ఉంటుంది, తోలు తీసిన మెడలో ముప్పావు వంతు ఎముకే. మన షాపుల్లో ఎక్కువ స్కిన్‌లెస్సే కొడతారు, అందుకని పుస్తకంలో లెక్క చూసి 150 గ్రాముల మెడ వేస్తే రెండింతల ఎముక పడుతుంది. మర్నాడు కుక్క ముక్కుతూ కూర్చుంటుంది. అసలు భీముడికి మెడ వద్దు, వాడు లడ్డూ మింగినట్టు మింగేస్తాడు. ముక్క ఎప్పుడూ కుక్క ఒక్కసారిగా మింగలేనంత పెద్దదిగా ఉండాలి. ఆత్రం మానకపోతే సగం గడ్డకట్టినదే ఇవ్వు, నమలక తప్పదు.

షాపులో గట్టిగా చెప్పాల్సింది ఒక్కటే: కొట్టొద్దు. అలవాటు కొద్దీ అతను లెగ్‌ని కూర ముక్కలు కొట్టేస్తాడు. కత్తి తెగిన చోట ఎముక అంచు పదునుగా ఉంటుంది, ముక్క గుటుక్కున మింగే సైజుకి వస్తుంది. రెండూ ప్రమాదమే. ముక్క పొడవునా వదిలేయమను. పొద్దున్నే వెళ్ళు, మొద్దు కడిగి ఉన్నప్పుడు. బ్రాయిలరే తీసుకో. ఐదారు వారాల కోడి కాబట్టి ఎముక లేత. ముదురు నాటుకోడి, గుడ్లు పెట్టి పెట్టి అమ్మేసిన లేయర్ కోడి వద్దు. వేట (మేక, గొర్రె) నల్లి బొమిక, గేదె కాలెముక అసలు తేకు. నల్లిలో కొవ్వు ఎక్కువ, ఎముకేమో రాయి. దవడ వెనకాల పెద్ద పన్ను పలకలా చీలిపోతుంది. గోరు గుచ్చితే కాస్తయినా దిగని ఎముక కుక్కకి ఇవ్వకు.

మొదలుపెట్టే వరస చెబుతా. మొదటి మూడు రోజులు పొద్దున పూట మాత్రమే పచ్చిది, తోలూ కొవ్వూ తీసిన కోడి లెగ్, మాంసం, అంతే. రాత్రికి మామూలు తిండి సగం. చిట్టి పెరుగన్నం రాత్రికి ఉంచు, ఒక్కసారిగా లాగేయకు. నాలుగో రోజు నుంచి రెండు పూటలా. రెండో వారం గుండెకాయ, కందనకాయ. వేట మాంసం మూడో వారం. ఒక్కొక్కటే చేర్చు, ఏది పడలేదో అప్పుడే తెలుస్తుంది. కార్జం అన్నిటికన్నా చివర, బొటనవేలి గోరంత, 5 గ్రాములు. పదిరోజుల్లో భీముడికి 30కి, చిట్టికి 20కి పెంచు. ముందే కార్జం పోసేవాళ్ళే "పచ్చి మాంసం మా కుక్కకి పడలేదు" అంటారు. పడనిది మాంసం కాదు, తొందర.

పెంచితే ఇంకా మంచిదని కార్జం ఎక్కువ పెట్టకు. అందులో విటమిన్ ఎ పేరుకుంటుంది, నెలలు గడిస్తే కీళ్ళు బిగుస్తాయి. వారానికి రెండు రోజులు కానాగంత చేపలు ఉడికించి ముళ్ళు తీసి పెట్టు, ఒమేగా 3 కోసం. గుడ్డు ఉడికించే పెట్టు. ఇంకా అయొడిన్, విటమిన్ ఇ, మాంగనీసు ఈ లెక్కలో తక్కువ పడతాయి, దానికి వేరే కాగితం రాయాలి, అది ఇంకోసారి.

నిన్నటి గిన్నె మర్నాటి దొడ్డిలో కనిపిస్తుంది. తెల్లగా, సుద్దలా పొడిపొడిగా ఉంటే ఎముక ఎక్కువైంది, పావు తగ్గించు. నల్లగా జారుగా ఉంటే కార్జమో కొవ్వో ఎక్కువ, ఆపి చూడు. తెల్లవారుజామున పసుపు నురగ కక్కితే ఖాళీ కడుపు పైత్యం, రాత్రి తిండి కాస్త ఆలస్యం చెయ్యి. నమలని ముక్క కక్కి మళ్ళీ తింటే కంగారుపడకు. కానీ వట్టి వాంతికి కష్టపడుతూ ఏమీ రాకపోయినా, చొంగ కారుస్తూ నోరు గీరుకుంటున్నా, రెండు రోజులు ముక్కుతున్నా, రక్తం కనిపించినా ఆగకు, డాక్టరు దగ్గరికి పరిగెత్తు. ఇంకొకటి, వెనక కాళ్ళు తూలితే. 2018లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు పచ్చి కోడిమాంసానికీ కుక్కల్లో వచ్చే ఒక రకం పక్షవాతానికీ సంబంధం కనిపెట్టారు. కాంపైలోబాక్టర్ అనే క్రిమి దానికి దారితీయొచ్చని అన్నారు. అరుదే. అయినా నువ్వు తెలుసుకునే మొదలుపెట్టాలి.

రెండూ తినేటప్పుడు వేరువేరు చోట్ల పెట్టు, నోట్లోది లాక్కోకు, ఇంకో ముక్క చూపించి మార్చు. పచ్చి మాంసం తింటే కుక్క క్రూరంగా మారుతుందని మీ అమ్మగారన్నారు కదా, అలా మారదు. కాకపోతే ఎముక దొరికితే కాపలా కాసుకుంటుంది, అది వేరే సంగతి.

ఇప్పుడు నాకు నిజంగా భయమేసేది చెబుతా. వేట కార్జం, ఊపిరితిత్తులు, బోటి పచ్చిగా పెట్టకు. గొర్రెల కార్జంలో నీటి బుడగల్లాంటి హైడాటిడ్ తిత్తులుండొచ్చు. కుక్క తింటే దాని పేగులో చిన్న బద్దెపురుగులవుతాయి, దానికేమీ కాదు, ఆరేడు వారాల్లో గుడ్లు దొడ్డిలో వస్తాయి. బొచ్చుకంటుకుని మన చేతికి, చేతి నుంచి నోటికి. మనిషి కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో ఏళ్ళ తరబడి పెరిగి బంతంత అవుతుంది. వేట అవయవాలు ఏవైనా ఉడికించే పెట్టు, కోడి కార్జం వాడితే ఈ గొడవే లేదు. ఆ బద్దెపురుగుల్ని చంపే ప్రాజిక్వాంటెల్ బిళ్ళ ఎన్నాళ్ళకోసారి వెయ్యాలో డాక్టర్ని అడుగు. పంది మాంసం అసలే పచ్చిగా వద్దు.

డాక్టరు కోప్పడ్డాడన్నావు. ఆయన్ని తప్పుపట్టకు. 1993లో ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ ఈ పద్ధతికి ఊపు తెచ్చాడు, 2012లో అమెరికా పశువైద్యుల సంఘం పచ్చి మాంసం పెట్టొద్దని తీర్మానించింది. నేను రెండు వైపులా సగం సగం నమ్ముతా. పళ్ళ మీద గార తగ్గడం, దొడ్డి తక్కువా గట్టిగా రావడం నిజమే. సాల్మొనెల్లా అనే క్రిమితో ప్రమాదం కూడా అంతే నిజం. డీప్ ఫ్రిజ్‌లో పెడితే క్రిములు చస్తాయనుకోకు, నిద్రపోతాయంతే. కరెంటు పోయి కరిగితే లేస్తాయి. కరిగించడం కింది అరలో రాత్రంతా, బయట కాదు. మాంసం కుళాయి కింద కడగొద్దు, తుంపర్లు గట్టంతా పడతాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిందే, అలాంటి వార్త వినపడ్డ రోజు నుంచి పచ్చి కోడి బంద్, ఉడికించినదే…

ఆగు. నీ ఉత్తరం మళ్ళీ తిప్పా. నాలుగో పేజీలో, మామిడి మొక్కల కింద, "చెల్లి పురిటికి వచ్చే నెల వస్తోంది" అని రాశావు. శీనూ! ఇది మొదట చదవాల్సిందిరా నేను. నిండు గర్భిణి, తర్వాత చంటిబిడ్డ. భీముడు పచ్చి కోడి తిని ఆ మూతితోనే ఆమె చెయ్యి నాకుతాడు. పైన రాసినదేదీ ఇప్పుడు వద్దు. చెల్లీ బిడ్డా అత్తారింటికి వెళ్ళాకే ఈ పచ్చి మాంసం.

అప్పటిదాకా ఇలా చెయ్యి. ఎముక లేని మాంసమే తీసుకో, ఉప్పూ ఉల్లీ లేకుండా ఉడికించు, ఆ నీళ్ళతో సహా పెట్టు. పచ్చిగా ఉన్నప్పుడే తూచు. కార్జం పైన చెప్పినంతే, ఉడికించి. ఎముక బదులు గుడ్డు పెంకు. కడిగి, పది నిమిషాలు మరగబెట్టి, ఎండబెట్టి మిక్సీలో మెత్తని పిండి చెయ్యి, రవ్వ తగలకూడదు. 500 గ్రాముల మాంసానికి 3 గ్రాములు, అంటే అర చెంచా దాటి కాస్త. భీముడికి 3, చిట్టికి 2. మిగతా కడుపు నింపడానికి అన్నం కొంచెం వేసుకో, ఇంకో విషయం ఆ అయొడిన్ గురించి

బావ హారన్ కొడుతున్నాడు. రేపు పొద్దున ఎముకలు పొయ్యెక్కించకు. కాటాకి బ్యాటరీలు లోపలే ఉన్నాయి.

నీ
నాని