మా పెరటి కోళ్లు దక్కాయి. ఆ వల ఇచ్చిన బాబాయిగారికి...

నిన్న సాయంత్రం ఫోనొచ్చింది. మా కోళ్ల శాంపిల్‌లో బర్డ్ ఫ్లూ లేదట. ఆ మాట విన్నాక గానీ ఇన్నాళ్లూ ఎంత టెన్షన్ మోస్తున్నానో నాకే తెలియలేదు. ఒళ్లంతా పులిసిపోయి ఉంది, బ్లీచింగ్ నీళ్లకి చేతులు పొట్టు లేచిపోయాయి. అయినా సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్ ఇవాళే రాసేయాలి. రేపటికి వాయిదా వేస్తే ఏదో పనిలో పడి ఇంక రాయను, నా సంగతి నాకు తెలుసు.

మాది తణుకుకి, అత్తిలికి మధ్య చిన్న ఊరు. 2025 ఫిబ్రవరి రెండో వారంలో, తణుకు మండలం వేల్పూరులోనూ పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ చచ్చిన కోళ్లకి హెచ్5ఎన్1, అంటే బర్డ్ ఫ్లూ వైరస్, అని భోపాల్‌లోని పశువ్యాధుల ల్యాబ్ తేల్చిన సంగతి అందరికీ తెలిసిందే. కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చేయడం, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టడం, ఇదీ పద్ధతి. మేం ఆ పదిలో పడ్డాం. చికెన్ కొట్లు మూతపడ్డాయి. కోడి గానీ గుడ్డు గానీ ఊరు దాటకూడదన్నారు.

నావి నాటు కోళ్లు. ఒక పుంజు, కాసిని పెట్టలు, ఒక పెట్ట వెనకాల పిల్లలు. ఆస్తి అనేంత ఏమీ లేదు. కానీ ఇంట్లో ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా నేను ఖర్చు పెట్టుకునే డబ్బులు ఆ గుడ్లవే.

"కోళ్లను బయటికి వదలకండి, బయటి పక్షులను తగలనివ్వకండి" అని మైకులో చెప్పుకుంటూ ఆటో వెళ్లిపోయింది. ఎలాగో మాత్రం చెప్పలేదు. మా పెరడు కాలవ గట్టుని ఆనుకుని ఉంటుంది. ఎదర దాళవా (రబీ వరి) చేలు, చేలల్లో కొంగలు, కాలవలో బాతుల మంద. బాతుకి సోకినా చాలాసార్లు పైకి ఏమీ కనపడదట, రెట్టలో మాత్రం వైరస్ ఉంటుందట. ఇక కాకుల సంగతి చెప్పక్కర్లేదు. పొద్దస్తమానం తిరిగి మేసే నాటు కోడిని గంప కింద ఎన్నాళ్లని పెడతాం? ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, మేత ముట్టవు. పెరడంతా వల కట్టడం తప్ప దారి లేదు. కొత్త వల ధర అడిగితే నా ఏడాది గుడ్ల డబ్బులు చాలవు.

రొయ్యల మేత అమ్మే కొట్లో పాత వల ఏమైనా దొరుకుతుందా అని అడుగుతుంటే, పక్కన నిలబడ్డ పెద్దాయన "వల ఎందుకమ్మా మీకు?" అన్నాడు. చెప్పాను. ఏ ఊరు, ఏ వీధి అని అడిగి, తన సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పట్టించుకోలేదు నేను.

మర్నాడు తెల్లారకుండానే రోడ్డు మీద నుంచి కేక. "అమ్మా, కోళ్లమ్మా!" బయటికొస్తే ఆయనే. కాలవ గట్టు మీద వల మూట. మా ఊరవతల చెరువుకి కాపలా ఉంటాడట. రొయ్యల చెరువుల మీద పిట్టల వల కడతారు కదా, వైట్ స్పాట్ జబ్బు తగిలిన రొయ్యని కాకి ఒక చెరువులోంచి ఎత్తుకెళ్లి ఇంకో చెరువులో పడెయ్యకుండా. చిరిగి తీసేసిన ఆ వలనే, యజమానిని అడిగి, బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, చిరుగులు కుట్టి మరీ తెచ్చాడు.

లోపలికి రండి బాబాయిగారూ, టీ తాగుదురు గానీ అన్నాను. రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను మీ గుమ్మం తొక్కకూడదమ్మా. మాది కిలోమీటరు లోపల ఊరు. ఆ రోజు నుంచీ ఇంటికెళ్లలేదు, చెరువు కాడే పడుకుంటన్నాను. ఐనా నా చెప్పులకి ఏం అంటుకుందో నాకేం తెలుసు?"

వాళ్లావిడ పెంచుకున్న కోళ్లన్నిటినీ పట్టుకెళ్లిపోయారట. ఒక్కదానికీ జబ్బు లేదు. తెల్ల డ్రెస్సులు వేసుకుని వచ్చి, లెక్క రాసుకుని, సంతకం పెట్టించుకుని తీసుకెళ్లారు. "రూలు కదమ్మా, వాళ్లని అని ఏం లాభం" అన్నాడు. మూడు నెలల దాకా కొత్తవి పెట్టకూడదన్నారట. "మా ఆవిడ మాత్రం రోజూ గూడు కడుగుద్దట. ఫోన్లో చెప్పింది." ఈ మాట నవ్వుతూనే అన్నాడు.

ఇక అక్కడి నుంచి వల కట్టించడం. ఆయన రోడ్డు మీద, మేము పెరట్లో. ఏ వాసానికి ముడి వెయ్యాలో, ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదులు ఉంచాలో అన్నీ అక్కడి నుంచే కేకలు. ఎండెక్కింది, తలకి తువ్వాలు చుట్టుకుని నిలబడే ఉన్నాడు. అంతా అయిపోయిందని మేము కిందకి దిగబోతుంటే ఆపాడు. "వల పిట్టని ఆపుద్దమ్మా, రెట్టని ఆపదు. మేత పెట్టే చోటు మీద బరకం (టార్పాలిన్) కప్పండి. నీళ్ల తొట్టె కూడా దాని కిందకే జరపండి. కాలవ నీళ్లు వద్దు, బోరు నీళ్లే పట్టండి." చిమ్మిన నూకల కోసమే కాకులు దిగుతాయి కాబట్టి మేత ఆరుబయట చల్లొద్దన్నాడు. గుమ్మంలో గోనెసంచిని బ్లీచింగ్ నీళ్లలో తడిపి పరిచి, పెరటి చెప్పులు పెరట్లోనే విడవమన్నాడు. మైకు ఆటో చెప్పాల్సిన మాటలన్నీ రొయ్యల చెరువు కాపలాదారు చెప్పాడు.

డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. వెళ్లబోతూ ఆగి, "అమ్మా, ఆ నల్ల పెట్టని ఒకసారి ఎత్తి చూపిస్తారా?" అన్నాడు. ఎత్తి పట్టుకున్నాను. ఆ పెట్ట మహా పొగరుది, నా చేతిలో ఒక్క క్షణం కుదురుగా ఉండదు. ఆవేళ ఎందుకో ఊరుకుంది. దాని జుట్టు ఎర్రగా ఉందా, కళ్లు తేటగా ఉన్నాయా అని అంత దూరం నుంచే చూసుకున్నాడు. "బాగుంది. గుడ్డు మీదుంది" అని సైకిలెక్కాడు. తనవన్నీ పోయిన మనిషి నావి బాగుంటే సంతోషపడ్డాడు. లోపలికొచ్చి స్టవ్వు మీద పాలు పొంగిపోతున్నా ఆపకుండా ఏడ్చాను.

నాలుగు రోజులు పోయాక అదే నల్ల పెట్ట రెక్కలు వేలాడేసుకుని మూల నక్కింది. కోళ్లకి మామూలుగా వచ్చే కొక్కెర తెగులేమో అనుకుందామంటే దానికి టీకా వేయించే ఉన్నాను. ఈ రకం బర్డ్ ఫ్లూకేమో మన దేశంలో కోళ్లకి టీకా వేయనివ్వరు. చెప్తే అన్నీ తీసుకెళ్లిపోతారేమోనని భయం, చెప్పకపోతే ఊరంతటికీ ప్రమాదం. పశువుల ఆసుపత్రికి ఫోన్ చేశాను. "ఎన్ని చచ్చాయి?" అన్నారు. ఏదీ చావలేదండీ, ఒకటి నలతగా ఉంది అన్నాను. "ఒక్కటేనా? చూద్దాం" అని పెట్టేశారు. మళ్లీ చేస్తే ఇంకో నంబరు ఇచ్చారు, ఆ నంబరు ఎంత మోగినా ఎత్తే నాథుడు లేడు. ఫారాల దగ్గరికి వెళ్లిన జీపులు మా వీధిలోకి రావడానికి తీరిక లేదు. ఇదేదో కోపంతో అనడం కాదు. రోగంతో చచ్చిన కోడికి పరిహారం లేదు, ప్రభుత్వం చంపిన కోడికే ఉంది. అంటే ముందుగా చెప్పినవాడికే లాభం ఉండాలి. అలాంటప్పుడు ముందుగా చెప్దామని ఫోన్ చేసినవాళ్లని ఇలా తిప్పితే ఎవరు చెప్తారు? రాత్రికి రాత్రి సంచుల్లో కట్టి కాలవలోకి విసిరేస్తారు. మా రేవు దగ్గరికి అలా రెండు సంచులు కొట్టుకొచ్చాయి కూడా. సంక్రాంతికి పందెం పుంజులకి బాదంపప్పులు, కీమా పెట్టి, దోమతెర కట్టి పెంచుతాం. ఇంటి పెట్టల దగ్గరికి వచ్చేసరికి ఆఫీసుకీ మనకీ కూడా లోకువే.

చివరికి వచ్చింది మా పక్క ఊరి రైతు సేవా కేంద్రం అమ్మాయి. పశుసంవర్ధక సహాయకురాలు, మా అమ్మాయి వయసే ఉంటుంది. ఆదివారం, తన సెలవు రోజున, స్కూటీ మీద వచ్చింది. నేను చెప్పకుండానే గోనెసంచి మీద కాళ్లు తుడుచుకుని, గ్లవుజులు, మాస్కు వేసుకుని, పెట్ట గొంతులోంచి, వెనక నుంచి పుల్లలతో శాంపిల్ తీసింది. మిగతావాటికీ తీసింది. "ఆంటీ, మీరు ముందే చెప్పారు, అదే మంచిదయ్యింది" అంది. ఫోన్ చేసినందుకు ఒక మంచి మాట అన్నది ఈ పిల్ల ఒక్కత్తే. ఎండిన పుంతలో స్కూటీ నెట్టుకుంటూ వెళ్లడం చూశాను. పెట్రోలు కూడా సొంత డబ్బే అయ్యుంటుంది. నిన్న ఫోన్ చేసింది కూడా తనే. నల్ల పెట్ట ఇప్పుడు మేత తింటోంది. దానికి వచ్చింది మామూలు జలుబట.

మా వారు, అబ్బాయి వల కట్టారు, మా అత్తగారు పిల్లల కోడిని కనిపెట్టుకుని కూర్చున్నారు. వాళ్లకి వేరే చెప్పేదేముంది, ఇంట్లోవాళ్లే.

బాబాయిగారి పేరు అడగడం కూడా కుదరలేదు. మొన్న చెరువు దగ్గరికి మా అబ్బాయిని పంపిస్తే, రొయ్యలు పట్టేశారు, కాపలా అయిపోయిందన్నారట. ఇది చదివినవాళ్లలో ఎవరైనా ఆ చుట్టుపక్కల చెరువులవాళ్లుంటే ఆయనకి ఈ ముక్క చెప్పండి: శాంపిల్‌లో ఏమీ లేదు, నల్ల పెట్ట బాగుంది. మూడు నెలలు దాటి, గూడు పెట్టుకోవచ్చన్నాక, పిల్లల కోడినీ దాని పిల్లల్నీ వాళ్లావిడకి నేనే పట్టుకెళ్లి ఇస్తాను. వద్దంటే వినను.

అయ్యో, మరిచిపోయాను. జ్వరాలున్నాయా అని రోజూ మా ఇంటికొచ్చి అడిగిన ఆశా వర్కర్‌కి. బరకం ఊరికే ఇచ్చి "మాసూళ్ల దాకా ఉంచుకో అక్కా" అన్న ఎదురింటి తమ్ముడికి. బ్లీచింగ్ అప్పిచ్చిన కిరాణా కొట్టు ఆయనకి, ఆ డబ్బులు ఈ శనివారం ఇచ్చేస్తానండీ. పందెం పుంజుల్ని మా గోడ వైపు కట్టొద్దంటే కోప్పడకుండా అవతలికి మార్చుకున్న పక్కింటి కుర్రాళ్లకి. ఇంకా, ఆ సంచులు రేవులోంచి తీసి సున్నం వేసి పూడ్చిన పంచాయతీ పారిశుధ్య కార్మికులు ఇద్దరికి. వాళ్లకి గ్లవుజులు కూడా లేవు, మా ఇంట్లో ఉన్నవే ఇచ్చాను. ఇంకెవరినైనా మర్చిపోతే తిట్టకండి, గుర్తుచేయండి, కింద కలుపుతాను.