పిలకాయల బీరువాకు సెలవుల్లో తాళమా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో వేసవి సెలవుల్లో పిలకాయలు చదవదగ్గ పుస్తకాలని పది పేర్లు వేశారు. ఆ కాగితం కత్తిరించి జేబులో పెట్టుకుని, మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకల్లా మా శాఖా గ్రంథాలయానికి పోయాను. వెంట మనవరాలు కూడా వచ్చింది. ఒంగోలులో ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. మా ఊరి పేరు మాత్రం రాయడం లేదు. అక్కడి లైబ్రేరియన్ మంచి మనిషి, నా ఉత్తరం మూలంగా ఆయన మాట పడకూడదు.

పదింటిలో నాలుగు పుస్తకాలు ఉన్నాయి. మా అంత ఊరికి అది తక్కువేం కాదు. అయితే నాలుగూ ఇనప బీరువాలో ఉన్నాయి, దానికి తాళం. అడగ్గానే తీశాడు, కాదనను. ‘ఇక్కడే కూచుని చదువుకోమనండి పెద్దాయనా, పాపకు సభ్యత్వం లేదు కదా, ఇంటికి ఇవ్వలేను’ అన్నాడు. డిపాజిట్టు కడతానంటే, ఆ పిల్లది ఈ ఊరి చిరునామా కాదాయె. ‘పుస్తకం పోతే లెక్క చెప్పుకోవాల్సింది నేను’ అన్నాడు. అదీ నిజమే.

సరేనని అక్కడే కూచోబెట్టాను. చేతిలో ముళ్లపూడి వెంకటరమణగారి ‘బుడుగు’. బల్ల చుట్టూ ఉద్యోగ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు, ఒక్కొక్కరి ముందు ఇటుకంత గైడు. రెండో పేజీకే పిల్ల కిసుక్కున నవ్వింది. నాలుగో పేజీకి పకపకా నవ్వింది. కుర్రాళ్లు తలెత్తి చూశారు. వాళ్ల తప్పు లేదు, వాళ్ల బతుకు తిప్పలు వాళ్లవి. కానీ ‘బుడుగు’ను నవ్వకుండా చదవమంటే ఎట్టా? ఇంతలో పదకొండయింది, తలుపులు మూశారు. మళ్లీ సాయంత్రం నాలుగుకు తీస్తారు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. మే నెలలో మన నెల్లూరు జిల్లాలో పిలకాయలు చదివేది ఎప్పుడు? పొద్దున ఆటలు, సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక మళ్లీ ఆటలు. పదకొండు నుంచి నాలుగు దాకానే ఎండకు భయపడి పెద్దవాళ్లు వాళ్లను ఇంట్లో కూలేస్తారు. ఏడాది మొత్తంలో పుస్తకానికి దొరికే ఐదు గంటలు అవే. సరిగ్గా ఆ ఐదు గంటలూ గ్రంథాలయం మూసి ఉంటుంది. వేళలు మార్చమని నేను అడగను. మిట్టమధ్యాహ్నం వడగాలిలో చంటివాళ్లను ఎవరు పంపుతారు? పుస్తకమే ఇంటికి రావాలి.

నా కార్డు మీదున్న ఒక పుస్తకం అప్పటికప్పుడు తిరిగిచ్చి ‘బుడుగు’ను ఇంటికి తెచ్చుకున్నాం. మా పిల్లకు తెలుగు ఒత్తుల దగ్గర నడక తడబడుతుంది. గట్టిగా చదువుతూ చదువుతూ ఒకచోట ఆగి, ‘తాతా, ముగుడు అని రాశారు, మొగుడు కదా?’ అంది. ఇంకో పేజీలో శ్రీ జ్ఞానప్రసూనాంబ కాస్తా సీగానపెసూనాంబ. పుస్తకంలోనే తప్పులున్నాయని తెలిసేసరికి దానికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. తనకంటే తప్పులు మాట్లాడేవాడు ఒకడు అచ్చులో దొరికాడు మరి! అప్పటినుంచి చదవమని నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

మీ జాబితాకు మన ప్రాంతం నుంచి ఇంకో రెండు కలుపుతాను. ఒకటి మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’. కావలిలో ఒక పేద ముస్లిం ఇంట్లో పెరిగిన పిల్లవాడి ముచ్చట్లు, మన నెల్లూరు మాటలోనే. నాలుగు వాక్యాలు విని ‘ఇదేంది తాతా, నువ్వు మాట్లాడినట్టే ఉంది’ అంది మా పిల్ల. బడిలో ఈ మాట మాట్లాడితే ఎగతాళి చేస్తారట. రెండోది టంగుటూరి ప్రకాశంగారి ‘నా జీవిత యాత్ర’. మొత్తం చదవమనను, రాజకీయం వచ్చేసరికి పిలకాయలు ఆవలిస్తారు, పెద్దవాళ్లమూ ఆవలిస్తాం. మొదటి ప్రకరణాలు చాలు. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్లు పెట్టి పిల్లలను సాకడం, ఆయన నాటకాల పిచ్చి, అల్లరి. ఒంగోలులో చదివే పిల్లకు తన జిల్లాకు ఆ పేరెందుకు వచ్చిందో తెలియదు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయినాయన తల్లి నలుగురికీ వండిపెట్టి డబ్బు తీసుకుందా అని రెండుసార్లు అడిగింది.

మా చిన్నప్పుడు బజారులో అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. అందులో ఎక్కువ డిటెక్టివ్ నవలలే, గొప్ప సాహిత్యమని చెప్పను. ఒకసారి చివరి కాగితాలు ఊడిపోయిన నవల తెచ్చుకుని, హంతకుడెవరో తేలక అన్నదమ్ములం మూడు రోజులు కొట్లాడుకున్నాం. కొట్టాయన అద్దె మాత్రం పైసా తగ్గించలేదు. కానీ ఆయన ఏనాడూ చిరునామా రుజువు అడగలేదు. ఫలానా వాళ్ల పిలకాయ అంటే చాలు, నోటు పుస్తకంలో పేరు రాసుకుని ఇచ్చేవాడు. లాభం కోసం కొట్టు పెట్టుకున్న మనిషే అంత నమ్మితే, మన పన్నుతో నడిచే గ్రంథాలయం ఆ మాత్రం నమ్మలేదా?

పన్ను అని ఊరికే అనలేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పన్ను 1,500 అయితే సెస్సు 120 రూపాయలు, ఒక పిల్లల పుస్తకం ఖరీదు. ఇదే నేల మీద, నిన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండి 2022లో బాపట్లకు పోయిన వేటపాలెంలో, ఏ సెస్సూ లేని 1918లోనే ఊరివాళ్లు సారస్వత నికేతనం అనే గ్రంథాలయం పెట్టుకున్నారు.

వేసవి విజ్ఞాన శిబిరాలు పెడుతున్నారు, సంతోషం. బొమ్మలు వేయిస్తారు, కథలు చెప్పిస్తారు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలూ చేస్తారు. అప్పుడు పిలకాయలకు బడి ఉంటుంది, హోంవర్కు ఉంటుంది. తీరిక ఉండేది ఇప్పుడు.

అందుకని జిల్లా గ్రంథాలయ సంస్థవారికి నా మనవి ఇంతే. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, ఈ 49 రోజులు, బడి గుర్తింపు కార్డు చూసి డిపాజిట్టు లేకుండా పిలకాయలకు వారానికి రెండు పుస్తకాలు ఇంటికి ఇవ్వనివ్వండి. వేరే ఊళ్లో చదివే పిల్లయితే తాతో అమ్మమ్మో సంతకం పెడతారు. నూటికి ఐదు పుస్తకాలు పోయినా, చిరిగినా లైబ్రేరియన్ మెడకు చుట్టకుండా లెక్కలోంచి కొట్టేస్తామని ఒక కాగితం రాసివ్వండి. ఆ కాగితం లేకనే బీరువాకు తాళం పడుతోంది, ఆయనకు మనసు లేక కాదు. ఈ ఏడాది సెలవులు సగం అయిపోయాయి, కనీసం రోహిణి కార్తె లోపలైనా ఆ కాగితం వస్తే బాగుండు.

మా పిల్ల ఇప్పుడు ప్రకాశంగారి పుస్తకంలో ఒంగోలు నాటకాల దగ్గర ఉంది. అదీ నా కార్డు మీదే తెచ్చాను. గడువు 28తో తీరిపోతుంది, ఈలోపు పోయి తేదీ పొడిగించుకు రావాలి.

— ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా